ఓబుళక్క లెక్క

హసావిలో మా గది మూడో అంతస్తు.
నలుగురం ఆడోళ్ళం, ఒక కిటికీ,
కిటికీ తెరిస్తే పక్కింటి ఏసీ వీపు.
దిగిన రాత్రే ఓబుళక్క నన్ను కూచోబెట్టి
"మేయ్, సంపాదించేది అరబ్బీ ఇంట్లో నేర్పుతారు,
మిగిలించేది నేను నేర్పిస్తా" అనింది.
నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
సిగ్గనుకున్నాను.

మొదటి పాఠం సబ్బు.
అరిగి ఆకంత పల్చబడిన ముక్కను
తడిచేసి కొత్తదాని వీపుకు అతికించాల.
తెల్లారేసరికి తల్లీబిడ్డా ఒకటవుతారు.
పేస్టు గొట్టానికి, పిండడం ఆగిన చోట కత్తెర మొదలు.
నడుముకు కోస్తే
ఇంకో తొమ్మిది పొద్దులు వస్తుంది.

ఎండాకాలం ఇక్కడ కుళాయి తిప్పితే
పొయ్యి మీద నుంచి దించిన నీళ్ళే.
గీజరు స్విచ్చి ఆపేసి
అందులో నీళ్ళను నీడపట్టున నిలవుంచింది ఓబుళక్క.
వేడిచేసే డబ్బా మా గదికి చలివేంద్రం.

కుబ్బూసు కట్ట యాభై ఫిల్సులు.
పొద్దున మెత్తన, మాపటికి అట్ట.
మర్నాడు తుంచి, ఎర్రగడ్డ, ఎండుమిరపకాయ తిరగబాతలో వేసి
ఉప్మా అని పిలిస్తే
పలుకుతుంది.

కూరగాయలకు రాత్రి తొమ్మిది దాటినాకే పోవాల.
అంగడాయన గోతాలు మడిచే వేళకు
టమేటాలకు ధర ఉండదు,
వయసే ఉంటుంది.

చలికాలం ఫర్వానియా దాకా నడకే.
జూన్ వచ్చిందంటే మాత్రం బస్సు ఎక్కు అంటుంది.
వడదెబ్బ తగిలితే
ఆస్పత్రోళ్ళు టికెట్టు కంటే ఎక్కువ కోస్తారంట.

ఏది చేతికెత్తుకున్నా
ముందు రూపాయల్లోకి మార్చి చూడు.
ఈ ఒక్క ఆపిల్ కాయ ముప్పై రూపాయలనుకుంటే
ఆకలే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

డబ్బు పంపే రోజు కూడా ఊరికే రాదు.
రోజూ ఎక్స్ఛేంజి అద్దం మీద రేటు చదివొస్తుంది.
మన రూపాయి బాగా పడిపోయిన సాయంత్రం
గదిలో సేమ్యా పాయసం.
"పడింది మన రూపాయే కదక్కా,
మనకెందుకు సంబరం?" అనడిగింది రెడ్డెమ్మ.
ఓబుళక్క గంటె తిప్పుతానే ఉంది.
ఒక్కోసారి జవాబులు కూడా దాచిపెట్టుకుంటుంది.

పోయిన ఏటి క్యాలెండరు చించి
వెనకవైపు లెక్క రాస్తుంది.
బోరు మోటారు. తమ్ముని ఆటో కంతు.
అత్త కంటి ఆపరేషను. మళ్ళా బోరు.
మార్చి వెనక, ఏప్రిల్ వెనక,
ఎంత వెతికినా తన పేరు మీద ఒక్క ఫిల్సు లేదు.

పదిమందిమి వేసుకున్న చీటీ,
నెలకు ఇరవై దినార్లు.
తొమ్మిదో నెల అక్క వంతు వచ్చింది.
రెండు నూర్లు రైకలో పెట్టుకొని పోయింది,
ఎక్స్ఛేంజి ఉండే వీధిలోకి కాదు.

మాపు లెక్క కాగితం చూసి అదిరిపోయినాను.
"పండ్లు: నూట నలభై."
"ఇన్ని దినార్ల పండ్లు ఎవరు తిన్నారక్కా?
యాడున్నాయి?"

కొంగు ఎత్తలేదు.
ముందర రెండు పండ్లు,
కొత్తవి, ఇంకా మనిషిని గుర్తుపట్టనట్టు తెల్లగా.
"నూట అరవై చెప్పినాడు, బేరమాడినా" అనింది.
మిగిలిన అరవై ఎప్పటిలాగే ఊరికి.

తర్వాత సంచిలోంచి ఒక ఆపిల్ కాయ తీసింది.
షమీమ్ కత్తి అందిస్తే వద్దనింది.
పదకొండేండ్లంట కొరికి తిని.
గదంతా ఆ కరకర.
నేను కూడా రూపాయల్లోకి మార్చడం మరిచిపోయినాను.

తొడిమ దాకా తిని
గింజలు నాలుగు కాగితంలో పొట్లం కట్టింది.
"ఈ ఇసకలో యాడ మొలుస్తాయక్కా?"

"మొలవవులే.
పారేసేదానికి చెయ్యి రాలేదు."